రాగి కరువు, రాగి ముంపు

మామయ్య గుంటూరులో పేరున్న కాలేయ వైద్యుడు. మేనకోడలు సూక్ష్మజీవి శాస్త్రం చదివి, వరిమళ్ల బురదలో మీథేన్‌ని తిని బతికే బ్యాక్టీరియా మీద పరిశోధన చేస్తోంది. ఒక ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఎవరి పక్షం వారు గట్టిగానే నిలబెట్టుకున్నారు కనుక, తీర్పు చెప్పే పని పాఠకులకే వదిలేస్తున్నాం.

మామయ్య: బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టాలంటే మీ పరిశోధకుల తర్వాతే ఎవరైనా. మొన్న ఒక తండ్రి వచ్చాడమ్మా. కూతురికి పదమూడేళ్లు, విల్సన్ వ్యాధి. ఫోన్‌లో ఏదో వార్త చూపించాడు. మీథేన్‌కీ వంశపారంపర్యంగా వచ్చే జబ్బులకీ లంకె దొరికిందట. వాళ్ల పెరట్లో గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంది. ‘ఆ గ్యాసు వల్లే పిల్లకి ఇలా అయిందా డాక్టరు గారూ, పూడ్పించేయమంటారా?’ అని అడిగాడు. ఏం చెప్పమంటావు?

మేనకోడలు: పూడ్పించొద్దని చెప్పండి. మీథేన్ పీల్చినందువల్ల ఎవరికీ విల్సన్ వ్యాధి రాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ చేరితేనే వస్తుంది. ఆ శీర్షిక పెట్టినవాళ్లకి తొందరెక్కువ, అంతే. లోపలి పరిశోధన మాత్రం గట్టిదే మామయ్యా. ముడి ఉంది. కాకపోతే అది పడింది రాగి దగ్గర.

మామయ్య: రాగి సంగతి నాకు చెప్పేదేముంది! 1912లో లండన్‌లో కినియర్ విల్సన్ ఈ జబ్బు గురించి రాసినప్పుడు మెదడూ కాలేయమూ కలిసి చెడుతున్నాయని గమనించాడు గానీ, కారణం రాగి అని ఆయనకి తెలియదు. కంటి నల్లగుడ్డు అంచున కనిపించే ఉంగరాన్ని అంతకు పదేళ్ల ముందే కైజర్, ఫ్లైషర్ చూశారు. వాళ్లకీ అది రాగి అని తెలియదు. 1993లో ఏటీపీ7బీ అనే జన్యువు దొరికాక కథ మొత్తం తేటపడింది. తండ్రికి నేను చెరువు లెక్కన చెప్పాను. రోజూ తిండిలోంచి మిల్లీగ్రామో రెండో రాగి కాలేయానికి చేరుతుంది. ఒంటికి కావలసింది పోగా మిగిలిన రాగిని పైత్యరసంలోకి వదిలే తూము ఆ జన్యువు చేయించే ప్రొటీను. తూము పూడిపోతే చెరువు నిండుతుంది, కట్ట తెగుతుంది, కింద ఊరు మునుగుతుంది. ఊరంటే మెదడు, కళ్లు, మూత్రపిండాలు. ఇందులో మీ మీథేన్ ఎక్కడుంది?

మేనకోడలు: మీరు ముంపు గురించి చెప్పారు. నేను కరువు గురించి చెబుతాను. మీథేన్‌లో కార్బన్‌కీ హైడ్రోజన్‌కీ మధ్య బంధం మహా గట్టిది. ఫ్యాక్టరీలో దాన్ని మిథనాల్‌గా మార్చాలంటే బాగా వేడీ ఒత్తిడీ కావాలి. నా బ్యాక్టీరియా ఆ పనిని పొలం నీళ్ల వేడిలోనే చేసేస్తుంది. మీథేన్ మోనో ఆక్సిజనేజ్ అనే ఎంజైము దాని ఆయుధం. అది ఎక్కువగా వాడే రకానికి రాగి లేనిదే పని జరగదు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఏమీ రోజెన్‌జ్వైగ్ బృందం 2005లో ఆ ఎంజైము నిర్మాణాన్ని తేల్చింది. కానీ బురదలో రాగి అంత తేలిగ్గా చేతికి రాదు, మట్టినీ కుళ్లిన ఆకునీ అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకని ఈ జీవుల్లో కొన్ని ఒక చిన్న అణువును తయారుచేసి బయటికి వదులుతాయి. అది రాగిని పట్టుకున్నాక మళ్లీ లోపలికి లాక్కుంటాయి. దాని పేరు మీథనోబాక్టిన్. మిథైలోసైనస్ ట్రైకోస్పోరియం అనే బ్యాక్టీరియా చేసే మీథనోబాక్టిన్ నిర్మాణం 2004లో సైన్స్ పత్రికలో వచ్చింది. రాగికి కరువొచ్చిన జీవి చేసుకున్న పనిముట్టు అది. రాగి ముంచేసిన కాలేయానికి అంతకంటే పనికొచ్చేది ఏముంటుంది?

మామయ్య: మాట బాగుంది. రోగానికి బాగుండాలి కదా.

మేనకోడలు: ఏటీపీ7బీ జన్యువు చెడిన ఎలుకల మీద చూశారు. మ్యూనిక్‌లో హన్స్ జిష్కా బృందం, అయోవాలో డిస్పిరిటో, మిషిగన్‌లో సెమ్రా కలిసి చేసిన పని. మీథనోబాక్టిన్ ఆ ఎలుకల కాలేయంలోంచి రాగిని తోడేస్తోందని 2011లో మొదటి ఫలితం వచ్చింది. 2016లో వచ్చిన ఫలితం ఇంకా పెద్దది. కాలేయం దెబ్బతినడం మొదలైన ఎలుకలకి కొద్ది రోజులు ఇస్తే, కణాల్లోని మైటోకాండ్రియా నుంచి రాగి దిగిపోయింది, అవి మళ్లీ పని చేశాయి, కణాలు చావడం ఆగింది. మందు అందని ఎలుకలు కాలేయం చెడి చచ్చిపోయాయి, అందినవి బతికాయి. మీ దగ్గరికి ఆ స్థితిలో మనిషి వస్తే ఏం చేస్తారు?

మామయ్య: కాలేయ మార్పిడి. చేయగలిగితే.

మేనకోడలు: చేయలేకపోతే?

మామయ్య: నీకు తెలిసిందే అడుగుతున్నావు. సరే, ఇప్పుడు నా వంతు. ఎలుకని చూపించి మనిషికి ఆశ పెట్టడం అరచేతిలో వైకుంఠం చూపించడమే. నీ ఎలుకలకి కాలేయం చెడుతుంది గానీ, మనుషుల్లో మాదిరి చేతులు వణకడం, మాట ముద్దవడం, నోట చొంగ కారడం వాటిలో కనబడవు. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు మూడు దశాబ్దాల్లో చూసిన 282 మంది విల్సన్ రోగుల వివరాలు 2007లో ప్రచురించారు. మూడింట రెండొంతుల మందికి పైగా నరాల లక్షణాలతోనే వచ్చారు. పిల్లవాడి దస్తూరీ పాడవుతుంది, మార్కులు తగ్గుతాయి, కోపం పెరుగుతుంది. ఇంట్లో సోమరితనం అనుకుంటారు, బళ్లో పొగరు అనుకుంటారు. ఇంతమందిని వదిలేసి కాలేయం ఒక్కటే చెడిన ఎలుకని చూసి సంబరపడమంటావా?

మేనకోడలు: నిమ్హాన్స్ నరాల ఆస్పత్రి మామయ్యా. అక్కడి లెక్కలో నరాల రోగులు ఎక్కువ ఉండక ఇంకెవరుంటారు? మీ క్లినిక్ రిజిస్టరు తీస్తే కామెర్లూ పొట్టలో నీరూ ఉన్నవాళ్లే ముందు కనబడతారు. ఏ గుమ్మం దగ్గర నిలబడి లెక్క పెడితే ఆ గుమ్మం జబ్బే పెద్దదిగా కనిపిస్తుంది.

మామయ్య: ఆ మాటకి ఒప్పుకుంటాను. అయినా నా భయం లెక్కలో లేదు, వైద్యంలో ఉంది. నరాల లక్షణాలున్న వాళ్లకి ఈ జబ్బుకి ఇచ్చే పెనిసిల్లమైన్ అనే మందు మొదలుపెడితే కొందరికి నయమయ్యే ముందు ఇంకా ముదురుతుంది. నడిచొచ్చిన కుర్రాడు మంచాన పడతాడు. కొందరు మళ్లీ కోలుకోరు. కణాల్లో కదలకుండా ఉన్న రాగిని ఒక్కసారిగా కదిపితే అది రక్తంలో తిరిగి మెదడుకి చేరుతుందేమోనన్నది ఒక అనుమానం. అందుకే ఏ కొత్త మందు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. రాగిని పట్టుకుంటావు సరే, ఏ దారిన బయటికి తీసుకెళ్తావు?

మేనకోడలు: నేను చెప్పదలచుకున్నదీ అదే. పెనిసిల్లమైన్ రాగిని రక్తంలోకి తెచ్చి మూత్రం దారిన పంపిస్తుంది. మీ చెరువు లెక్కలోనే చూస్తే, తూము పూడింది కదా అని నీటిని కట్ట మీదుగా తోడి, ఊరి మధ్యలోంచి పారించి, అవతల వాగులో కలపడం. మీథనోబాక్టిన్ పట్టిన రాగి ఆ ఎలుకల్లో పైత్యరసం దారినే పోయింది. అంటే పాత కాలువలోకే. రక్తంలో తిరిగే అవసరం తగ్గుతుంది. మెదడుకి దీనివల్ల మేలు జరుగుతుందని రుజువైందని నేననడం లేదు. మీరు అడిగిన ప్రశ్నకి ఇప్పుడున్న మందుల కంటే వేరే జవాబిచ్చే అణువు ఇది.

మామయ్య: కాలేయం బాగా దెబ్బతిన్నవాడికి పైత్యరసమే సరిగ్గా పారదు. నీ పాత కాలువ ఎండిపోయి ఉంటుంది. అప్పుడు?

మేనకోడలు: అందుకే ఎప్పుడు ఇవ్వాలన్నది తేల్చాల్సిన విషయం. జబ్బు ముదిరిన ఎలుకల్లో కూడా పనిచేసింది గనుక కాలువ పూర్తిగా ఎండేదాకా కొంత వ్యవధి ఉందనుకోవచ్చు.

మామయ్య: ఇంకోటి. ఎలుకలకి ఇంజక్షన్‌గా ఇచ్చారు. పెనిసిల్లమైన్ నోట్లో వేసుకునే మందు, జీవితాంతం ఇంట్లో వాడుకోవచ్చు. పైగా నీ బ్యాక్టీరియా చేసే అణువుకి రాగి మీద ఉన్న పట్టు అంతా ఇంతా కాదు. కరువులో పుట్టిన పనిముట్టుకి చాలు అనడం తెలియదు. రాగి మరీ తగ్గితే రక్తం తగ్గుతుంది, వెన్నుపాము దెబ్బతిని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. తిండిలోని రాగిని ఒంటికి పట్టనివ్వకుండా ఇచ్చే జింకు ఎక్కువగా వాడిన వాళ్లలో కూడా అది చూశాను. ముంపు తప్పించబోయి ఎండగట్టేస్తారు.

మేనకోడలు: దాన్ని జీవితాంతం వాడాలని ఎవరూ అనడం లేదు. కొద్ది రోజులు ఇచ్చి నిల్వను దించి, ఆ తర్వాత జింకుతో కాపాడుకోవచ్చేమో చూడాలన్నది ఆలోచన. పట్టు ఎక్కువని భయపడుతున్నారు గానీ, మైటోకాండ్రియాలో బిగుసుకున్న రాగిని లాగాలంటే ఆ పట్టే కావాలి. మీ పాత మందులు తేలిగ్గా చేయలేని పని అది. అయినా ఒక మాట అడుగుతాను. పెనిసిల్లమైన్ ఎలా దొరికిందో ఆ తండ్రికి చెప్పారా?

మామయ్య: వాల్షీ కథ. చెప్పలేదు.

మేనకోడలు: నేను చెబుతాను, తప్పుంటే దిద్దండి. అంతకు ముందున్న మందు బ్రిటిష్ యాంటీ లూయిసైట్. యుద్ధంలో విషవాయువుకి విరుగుడుగా చేసింది. 1951 ప్రాంతంలో దాన్ని విల్సన్ రోగులకి కండలోకి గుచ్చేవారు, నొప్పి భరించలేనిది. జాన్ వాల్షీ అనే ఇంగ్లీషు డాక్టరు లండన్‌లో పనిచేసినప్పుడు, పెనిసిలిన్ వాడిన రోగుల మూత్రంలో గంధకం ఉన్న ఒక వింత అమైనో ఆమ్లాన్ని చూశాడు. అది పెనిసిలిన్ విరిగితే వచ్చే తునక. తర్వాత బోస్టన్‌లో ఒక విల్సన్ రోగిని చూసినప్పుడు ఆ తునక రాగిని పట్టుకుంటుందేమోనని తోచింది. ముందు తనే మింగి చూసి, తర్వాత రోగికిచ్చాడు. 1956లో ప్రచురించాడు. అంటే మీరు రోజూ రాసే మందు బూజు నుంచి వచ్చిన మందుకి తునక. బూజు విల్సన్ వ్యాధి కోసం పెనిసిలిన్ చేసిందా? అప్పట్లో ఎవరైనా బూజుకీ వంశపారంపర్య జబ్బుకీ లంకె అని రాసి ఉంటే మీరూ బోడిగుండూ మోకాలూ అనే ఉండేవారు.

మామయ్య: గెలిచిన గుర్రాల పేర్లే చెబుతున్నావు. ఓడిన గుర్రాల లెక్క ఎవరు రాస్తారు? ఒక్క వాల్షీ వెనక ఎన్ని వింత అణువులు మూత్రంలో కనబడి మూత్రంలోనే పోయాయో! పైగా వాల్షీ రోగి పక్కన నిలబడి ఆలోచించాడు. నువ్వు పొలంలో నిలబడి ఆలోచిస్తున్నావు. మనకున్నది కొద్ది డబ్బు. దాన్ని ఎక్కడ పెట్టాలి? ఒక పిల్లకి విల్సన్ తేలిందంటే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీను, ఇరవైనాలుగు గంటల మూత్రంలో రాగి, స్లిట్ ల్యాంప్ కింద కన్ను. ఈ మూడూ చూస్తే లక్షణాలు రాకముందే చాలామందిని పట్టుకోవచ్చు. అప్పుడు మొదలుపెట్టిన మందుతో పిల్లలు అందరిలా చదువుకుని పెళ్లిళ్లు చేసుకుంటారు. ఆ తండ్రికి ఇంకో కొడుకున్నాడు. పరీక్ష చేయించమంటే ‘వాడు బాగానే ఉన్నాడు కదండీ’ అన్నాడు. అదీగాక వాళ్లది మేనరికం. మా అమ్మానాన్నలదీ మేనరికమే, నేను ఎవరినీ వేలెత్తి చూపను. కానీ దగ్గరి సంబంధాల్లో చెడిన జన్యువులు రెండూ ఒకచోట చేరే అవకాశం పెరుగుతుందని ఊరూరా చెప్పే డబ్బు లేదు గానీ, ఎలుకలకి బురద మందు ఎక్కించే డబ్బుంది.

మేనకోడలు: ఆ డబ్బూ ఈ డబ్బూ ఒకే సంచీలోంచి రావు. నా పరిశోధన ఆపేస్తే మిగిలిన సొమ్ము గుంటూరులో సెరులోప్లాస్మిన్ పరీక్షకి వస్తుందా? రాదు. ఇక మీరు చెప్పిన పరీక్షల సంగతి. ఆ మూడు పరీక్షలకీ తేలని తోబుట్టువుని జన్యు పరీక్షే తేలుస్తుంది. 1993లో ఆ జన్యువు దొరక్కపోతే అది ఉండేదే కాదు. మిథైల్ మలోనిక్ ఎసిడీమియా అనే ఇంకో వంశపారంపర్య జబ్బు గుర్తుందా మీకు?

మామయ్య: పుట్టిన బిడ్డలకి ప్రాణాంతకం. కొందరికి బీ12 ఇస్తే తేరుకుంటారు.

మేనకోడలు: అలా బీ12కి తేరుకునే రకాల్లో ఒకదానికి జన్యువు ఏదో చాలాకాలం తెలియలేదు. 2002లో కెనడాలో రాయ్ గ్రావెల్ బృందం దాన్ని పట్టుకుంది. ఎలాగంటే, ఆ జబ్బులో కుంటుపడే ఎంజైము జన్యువు బ్యాక్టీరియాల్లో, ఆర్కియాల్లో ఎక్కడుందో చూసి, దాని పక్కింట్లో ఎప్పుడూ ఏ జన్యువు కాపురముంటోందో వెతికారు. పక్కనున్నది ఆ పనికి సాయపడేదై ఉంటుందని ఊహించి, దానికి సాటి జన్యువు మనిషిలో ఉందా అని చూశారు. దొరికింది. రోగుల్లో అదే చెడి ఉంది. ఆ ప్రొటీను పని ఏమిటో తర్వాత మిథైలోబ్యాక్టీరియం అనే జీవిలో సాటి ప్రొటీనును చూసి తెలుసుకున్నారు. ఆ ఎంజైము పాడవకుండా కాపాడుతుందది.

మామయ్య: మిథైలోబ్యాక్టీరియం మిథనాల్ మీద పెరుగుతుంది. మీథేన్ తినదు. నీ పక్షానికి పనికొస్తుందని ఆ రెంటినీ కలిపేయకు.

మేనకోడలు: కలపను. మిథనాల్ అంటే మీథేన్ దారిలో తర్వాతి మెట్టు, అంతవరకే చుట్టరికం. నా వాదనకి మీథేన్ అనే గ్యాసు అక్కర్లేదు కూడా. పనికిరాదనుకున్న జీవిలో ఉన్న జన్యువే బిడ్డ కాలేయంలోనూ ఉంటుంది. అక్కడ అది ఏం చేస్తుందో తెలిస్తే ఇక్కడ ఏం చెడిందో తెలుస్తుంది. ఈ లంకె మనం కట్టింది కాదు, ముందే ఉంది. రాగితో వేగడం ఏ జీవికీ తప్పదు. తక్కువైతే ఎంజైము నడవదు, ఎక్కువైతే కణం చచ్చిపోతుంది. కొన్ని జీవులు కరువుకి ఉపాయం కనిపెట్టాయి, కొన్ని ముంపుకి. ఒకరి ఉపాయం ఇంకొకరికి పనికిరావడం వింతేమీ కాదు. వెతక్కపోవడమే వింత.

మామయ్య: వెతకండి. కానీ దొరికాక ఏమవుతుందో నేను చెబుతా విను. పెనిసిల్లమైన్ పడనివాళ్ల కోసం ట్రయెంటిన్ వచ్చింది. అది కూడా వాల్షీ తెచ్చినదే. పాత, మామూలు రసాయనం. అమెరికాలో 2010లో వంద క్యాప్సూళ్ల సీసా ధర 650 డాలర్ల చిల్లర. కంపెనీలు చేతులు మారాక 2015 నాటికి 21 వేల డాలర్లు దాటింది. మందులో మారింది ఏమీ లేదు, సీసా మీద అంకె మారింది. మామూలు రసాయనానికే ఆ గతి పడితే, బ్యాక్టీరియాని పెంచి, అణువుని శుద్ధి చేసి, ఇంజక్షన్‌గా ఎక్కించే మందు ఆ తండ్రికి ఏ ధరకి అందుతుంది? నీ కథలో బ్యాక్టీరియా ఉంది, ఎలుక ఉంది, శాస్త్రజ్ఞులున్నారు. బిల్లు కట్టేవాడు లేడు.

మేనకోడలు: ఈ దెబ్బ గట్టిదే. కానీ తగలాల్సింది బ్యాక్టీరియాకి కాదు. మీథనోబాక్టిన్‌ని ఏ ఎంజైములు తయారుచేస్తాయో 2018లో రోజెన్‌జ్వైగ్ బృందమే తేల్చింది. మామూలు పెప్టైడును తీసుకుని, ఇనుమున్న ఒక ఎంజైము జంట దాన్ని రాగి పట్టే రూపానికి మారుస్తుంది. ఆ పద్ధతి తెలిస్తే తేలిగ్గా పెరిగే జీవుల్లో చేయించవచ్చు, రూపం మార్చి చూడవచ్చు, చౌకగా చేసే దారి వెతకవచ్చు. తయారీ తెలియని మందుకి ధర తగ్గమని అడగడానికైనా వీల్లేదు. తెలిసిన మందు ధర పెంచితే, అది ప్రభుత్వంతో తేల్చుకోవాల్సిన గొడవ. ఆ గొడవలో నేను మీ పక్కనే ఉంటాను.

మామయ్య: రోగికి ఆ రెండు గొడవలూ ఒకటేనమ్మా. సరే, నన్ను ఒప్పించాలంటే ఏం కావాలో చెబుతాను. ఒకటి, మనుషుల్లో నరాల లక్షణాలు ముదరకుండా ఈ మందు రాగిని దించిందని పరీక్షల్లో తేలాలి. రెండు, ఎక్కడ ఆపాలో చెప్పే కొలత ఉండాలి. మూడు, ధర. ఇవి లేకుండా ఫోన్‌లో వార్త చూసి ఎవరైనా పెనిసిల్లమైన్ మానేస్తే ఏమవుతుందో తెలుసా? ఏళ్ల తరబడి బాగున్న మనిషి మందు మానిన కొన్ని నెలల్లోనో ఏళ్లలోనో కాలేయం కూలి చనిపోవచ్చు. నీ పరిశోధన మీద నాకు కోపం లేదు. దాని వార్త మీదే కోపం.

మేనకోడలు: అయితే మీరు నాతో కాదు, శీర్షికతో పోట్లాడుతున్నారు. మొదటి రెండు షరతులూ న్యాయమైనవే, శాస్త్రం ఎలాగూ వాటిని తప్పించుకోలేదు. నాదీ ఒక షరతు. మీ దగ్గరికొచ్చిన ప్రతి విల్సన్ రోగి తోబుట్టువులనీ పరీక్షకి రప్పించండి. తేలినవాళ్ల జన్యు నమూనాలు, ఇంటివాళ్ల అనుమతితో, పరిశోధనకి అందనివ్వండి. మన ప్రాంతంలో ఏటీపీ7బీ ఎక్కడెక్కడ చెడుతోందో తెలియకుండా ఏ కొత్త మందునీ మనవాళ్లకి సరిగ్గా పరీక్షించలేం. మీరు చేయమంటున్న పనీ నేను చేస్తున్న పనీ అక్కడ ఒకదానికొకటి అవసరం.

మామయ్య: రప్పిస్తాను. నమూనాల సంగతి మా ఎథిక్స్ కమిటీని అడగాలి, మాటివ్వలేను. ఆ తండ్రికి మాత్రం ఏం చెప్పాలో ఇప్పుడు తెలిసింది. గోబర్ గ్యాస్ ప్లాంటుకి దీంతో ఏ సంబంధమూ లేదు. పిల్ల రోజూ మాత్ర వేసుకోవాలి. కొడుకుని వచ్చే వారమే తీసుకురావాలి. మంచినీళ్లు రాగి సీసాలో తాగిస్తే కాలేయానికి మంచిదని ఎవరో చెబితే ఇంట్లో ఇద్దరికీ అలాగే పోస్తున్నారట. అది ఈరోజే ఆపాలి.

మేనకోడలు: ఇంకొక్క ముక్క కూడా చెప్పండి. పొలం బురదలో ఒక బ్యాక్టీరియా రాగి కోసం చేసుకున్న పనిముట్టు ఎలుకల కాలేయాన్ని కాపాడిందని.

మామయ్య: అది చెప్పను. మందు కాని దాన్ని మందులా వినిపించను. మనుషుల్లో తేలాక చెబుతాను.

మేనకోడలు: తేలాలంటే ఎవరో ఒకరు ముందు పొలంలోకి దిగాలి మామయ్యా. అప్పటిదాకా మీరు ఆ మాట చెప్పకపోవడమే సబబు. నేను ఆ పని ఆపకపోవడమూ సబబే.